న్యూస్ ఆంటీ మైక్ టెస్టు

వీసా గడువు చూసుకుంటూ బతికిన రోజుల గురించి అడిగితే మా తోటివాళ్ళంతా చలి, ఇరుకు ఫ్లాట్లు, ఫ్రీజర్‌లో పరాఠాల గురించి మొదలుపెడతారు. నాకు మాత్రం వెంబ్లీలో ఓ చీరల షాపు పైన కిటికీలు లేని గది ఒకటి గుర్తొస్తుంది. ఆ గదిలో ఒక గొంతు గుర్తొస్తుంది. వెంటనే మెడ వెనకాల చల్లగా ఏదో పాకినట్టవుతుంది. (అక్కడ హీటింగ్ సరిగా పనిచేసేది కాదు. ఆ చలికి అదీ కొంత కారణమే అనుకోండి.) అప్పటికి నేను లీసెస్టర్‌లో మాస్టర్స్ ముగించి, కనపడిన ప్రతి కంపెనీకీ అప్లికేషన్ పడేసి, కనపడని ప్రతి దేవుడికీ మొక్కేసి ఉన్నాను. చదువయ్యాక ఇచ్చే వీసా గడువు దగ్గర పడిపోతోంది. ఈలోగా కొత్త వీసాకి స్పాన్సర్ చేసే కంపెనీ దొరికితే ఇక్కడ ఉంటాను, లేకపోతే సూట్‌కేసు సర్దుకుని కాకినాడ వెళ్ళిపోవాలి. నా జీవితమంతా అప్పుడు ఆ ఒక్క ముక్క మీద వేలాడుతోంది. ఖర్చులకి ఏదో ఒకటి ఉండాలి కదా అని ఓ తెలుగు ఛానెల్లో చేరాను.

ఛానెల్ అనగానే పెద్దగా ఊహించుకోకండి. ఇంటర్నెట్‌లో ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఒక్క బులెటిన్ వచ్చేది, మిగతా వారమంతా పాత భక్తి పాటలు. ఓనర్ అంకుల్ కరీంనగర్ ఆయన. అసలు పని ఇళ్ళు అద్దెకి ఇప్పించడం, ఛానెల్ ఆయన సరదా. కెమెరా నడిపేది భీమవరం అన్న. మిగతా రోజుల్లో కేర్ హోమ్‌లో డ్యూటీ, డ్యూటీల పట్టికలో శుక్రవారం సెలవు కాబట్టే మా బులెటిన్ శుక్రవారం. ఎప్పుడూ పెదవుల మీద ప్రార్థన ఉండే మనిషి. చీరల షాపు పైన ఆ గదే మా స్టూడియో, దాని గోడలకి గుడ్ల అట్టలు అతికించి నల్ల రంగు కొట్టారు, శబ్దం బయటికి పోకుండా. లోపలికి వెళ్ళి తలుపు వేస్తే మన ఊపిరి మనకే ఎవరిదో వినపడినట్టు ఉండేది. నా ఉద్యోగం ప్రాంప్టర్ తిప్పడం. అంటే నా లాప్‌టాప్‌లో వార్త కదిలిస్తుంటే ఆ అక్షరాలు కెమెరా ముందున్న అద్దంలో పడతాయి, చదివేవాళ్ళు అందులో చూసి చదువుతారు, చూసేవాళ్ళకేమో కంఠతా చెబుతున్నట్టు కనిపిస్తుంది. నేను కెమెరా పక్కనే, చీకట్లో, లాప్‌టాప్ వెలుతురు మొహాన పడేలా కూర్చునేదాన్ని.

ఇక చదివేది ఎవరయ్యా అంటే న్యూస్ ఆంటీ. ఇండియాలో ప్రభుత్వ టీవీలో ఆవిడ ఎన్నేళ్ళు వార్తలు చదివారో ఆవిడకే లెక్క తెలియదు. కూతురి దగ్గరికి వెంబ్లీ వచ్చాక ఇంట్లో ఊరికే ఉండలేక ఓనర్ అంకుల్‌ని ఆవిడే అడిగి చేరారు. పక్కన కూర్చుంటే ఆవిడ మామూలు గొంతు సన్నగా, జలుబు చేసినట్టు ఉండేది. కూరగాయల షాపులో బెండకాయలు లేతవో కాదో అడిగితే ఎదుటివాడు రెండోసారి అడిగించుకోవాల్సి వచ్చేది. అలాంటిది చీర కొంగుకి మైకు తగిలించగానే ఇంకొకరెవరో వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నట్టయ్యేది. మెడ నిటారుగా, కళ్ళు కెమెరా వెనకాల ఎక్కడో దూరంగా, గొంతు బావిలోంచి వచ్చినంత లోతుగా.

నాకు ఆ గొంతు కొత్త కాదు, అసలు బాధంతా అదే. చిన్నప్పుడు కాకినాడలో మా ఇంట్లో వార్తలు పెట్టేది తుఫాను వచ్చినప్పుడే. బంగాళాఖాతంలో వాయుగుండం అని ఆవిడ అనడం, మా అమ్మమ్మ లేచి నిలబడటం ఒక్కసారే జరిగేవి. "ఆవిడ చెప్పిందంటే వచ్చేస్తాది. బియ్యం అటకెక్కించండి" అనేది అమ్మమ్మ. బయట ఎండ కాస్తుంటే మావయ్యలు నవ్వేవారు. మర్నాటికి మా వీధిలో నీళ్ళు మోకాళ్ళదాకా ఉండేవి. అందుకని తుఫాను వస్తే ఆవిడ చెబుతుందా, ఆవిడ చెబితే తుఫాను వస్తుందా అనే సంగతి చిన్నప్పుడు నాకు తేలలేదు. మాస్టర్స్ చేశాక కూడా తేలలేదని వెంబ్లీలో తెలిసింది.

మైకు పనిచేస్తోందో లేదో చూడటానికి ఎవరైనా హలో హలో అంటారు, లేకపోతే ఒకటి రెండు మూడు అంటారు. ఆంటీ అలా అనేవారు కాదు. గదిలో ఉన్నవాళ్ళలో ఎవరో ఒకరి మీద చూపు నిలిపి, అప్పటికప్పుడు చిన్న వార్త ఒకటి చదివేవారు. నేను చేరిన మొదటి శుక్రవారం ఆ చూపు భీమవరం అన్న మీద పడింది. "వెంబ్లీ నుంచి అందిన వార్త. ఓ కెమెరామన్ ఇంటి తాళాలు ఈ సాయంత్రం కనిపించకుండా పోయాయి. గాలింపు కొనసాగుతోంది" అన్నారు. అన్న జేబు తడుముకుని, తాళాలు తీసి ఆడించి చూపించి నవ్వాడు. ఆ సాయంత్రం వేరే ఎవరికో బదులుగా కేర్ హోమ్‌కి డ్యూటీకి వెళ్ళి తిరిగొచ్చాక వర్షంలో తన ఫ్లాట్ బయట నిలబడి నాకు ఫోన్ చేశాడు. "చెల్లెమ్మా, ఆవిడ ఏ మాట అన్నారో కాస్త మళ్ళీ చెప్పమ్మా" అన్నాడు. తాళాలు తర్వాత కేర్ హోమ్‌లో ఓ పెద్దాయన డ్రెస్సింగ్ గౌను జేబులో దొరికాయి. ఆ జేబులోకి ఎలా వెళ్ళాయో పెద్దాయనకీ తెలియదు, అన్నకీ తెలియదు.

ఇంకో వారం ఎవరినీ కాక నేలని చూస్తూ "ఈ భవనం కింది అంతస్తులో అద్దం పగిలింది. ప్రాణనష్టం లేదు" అన్నారు. సౌండ్ లెవెల్ బాగుందని అన్న బొటనవేలు ఎత్తాడు. ఎత్తిన వేలు దించకముందే కింద చీరల షాపులో నిలువుటద్దం పడిన చప్పుడు, దాని వెనకే షాపు గుజరాతీ ఆంటీ కేక. మేం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఆంటీ మాత్రం కళ్ళు రెండుసార్లు ఆర్పి, ఆ సన్నటి గొంతుతో, "లెవెల్ సరిపోయిందా? నేనేమన్నానమ్మా?" అని అడిగారు. ప్రతిసారీ అలాగే అడిగేవారు. నిజంగా తెలియకే అడుగుతున్నారని నాకప్పుడు నమ్మకం, ఇప్పటికీ నమ్మకమే. ఆ తర్వాత ఓనర్ అంకుల్ వంతు వచ్చింది. "ఓ సంస్థ అధినేత మెట్ల మీద కూర్చుండిపోయారు" అన్నారు. ఆ వారాంతంలో ఆయనకి సగం మెట్లెక్కాక నడుం పట్టేసింది. పైకి రాలేక, కిందికి పోలేక, వచ్చేపోయేవాళ్ళకి దారిస్తూ అక్కడే ఫోన్లో రెండు ఫ్లాట్లు అద్దెకి ఇప్పించారట. అయినా మనిషి ఆశ పోలేదు. మరుసటి శుక్రవారం వేడి సీసా నడుముకి కట్టుకుని వచ్చి, "మేడం, జర మంచి ముచ్చట చెప్పరాదుండ్రి. ఛానెల్‌కు యాడ్లొచ్చినయని ఒక్కపారి అనుండ్రి" అని బతిమాలారు. ఆంటీ ఆయన్ని జాలిగా చూశారు. "అది ప్రకటనండీ, వార్త కాదు. నేను ప్రకటనలు చదవను" అన్నారు.

అప్పటినుంచి మైక్ టెస్టంటే మా అందరికీ గుండె దడ. భీమవరం అన్న కళ్ళు గట్టిగా మూసుకుని ప్రార్థన చేసుకునేవాడు. ఓనర్ అంకుల్ స్టూడియోకి రావడమే మానేసి, ఇంట్లోంచి చూడటం మొదలుపెట్టారు. నేనొక ఉపాయం కనిపెట్టాను. ఆవిడ కంటికి కనిపించిన మనిషి గురించే చదువుతారు కాబట్టి, మైకు తగిలించగానే కేబుల్ ఊడిందని వంకపెట్టి బల్ల కిందకి దూరేదాన్ని. (డిగ్రీ పట్టా ఉన్న పిల్ల, వెంబ్లీలో, బల్ల కింద, వైరు పట్టుకుని ఊపిరి బిగబట్టి. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్లని లేపి దుమ్ము దులపాలనిపిస్తుంది.) ఒకసారి టీ తాగుతుంటే ధైర్యం చేసి అడిగాను. "ఆంటీ, మైక్ టెస్టులో చదివేవి మీకెలా తెలుస్తాయి?" ఆవిడ బిస్కట్టు టీలో ముంచి, అది విరిగి పడిపోతుంటే చూస్తూ, "నేను చదివానని జరగవమ్మా. చదవకపోయినా జరిగేవే. మైకు పెట్టుకుంటే నోటికేదో వస్తుంది, అంటాను. నా సర్వీసంతా అంతే. అక్కడ హడావిడిలో ఎవరూ వినలేదు. ఇక్కడ గది చిన్నది, వినపడుతోంది" అన్నారు. తర్వాత చెంచాతో బిస్కట్టు వెతుక్కుంటూ, "ఒక్కటి మాత్రం నిజం. లైవ్ మొదలై ఎర్ర బల్బు వెలిగాక, నిర్ధారణ కాని వార్త ఇంతవరకు ఒక్కటీ చదవలేదు" అన్నారు. నేను ఓదార్పు కోసం అడిగితే ఆవిడ చెప్పింది ఇది.

ఆ రోజుల్లోనే రీడింగ్‌లో ఓ కంపెనీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. వెళ్ళాను, బాగానే చెప్పాను, తీసుకుంటే స్పాన్సర్‌షిప్ ఇస్తామన్నారు, త్వరలో తెలియజేస్తామని రైలెక్కించారు. వీసాకి ఇక ఇంకో ఇంటర్వ్యూకి వెళ్ళేంత వ్యవధి లేదు. ఇదే ఆఖరు. అప్పటినుంచి ఫోన్ మోగినా భయమే, మోగకపోయినా భయమే. అన్నిటికంటే పెద్ద భయం మాత్రం శుక్రవారం ఆంటీ కంట్లో పడటం. ఆవిడ నోట్లోంచి వచ్చే వార్తల్లో మంచిది ఒక్కటీ లేదు కదా. రీడింగ్ అనే మాట ఆవిడ దగ్గర పొరపాటున కూడా ఎత్తకూడదని అన్న చేత ఒట్టు వేయించుకున్నాను. మా ఫోన్లన్నీ ఎలాగూ బయటిగదిలో బిస్కట్ల డబ్బాలో పెట్టి లోపలికి రావాలనేది రూలు, లోపల మోగితే బులెటిన్ పాడవుతుందని.

ఆ శుక్రవారం ఆంటీకి మైకు తగిలించి, అలవాటుగా బల్ల కిందకి వంగబోయాను. చున్నీ కుర్చీ చక్రంలో ఇరుక్కుంది. లాగితే రాదు, వదిలితే నేను కదల్లేను. వార్తలింకా ప్రాంప్టర్‌లో ఎక్కించనే లేదు, తెర తెల్లగా ఉంది, ఆ తెల్లటి వెలుతురంతా నా మొహం మీదే. ఆంటీ తల తిప్పి నన్ను చూశారు. నేను చేరాక మైక్ టెస్టులో ఆవిడ చూపు నా మీద పడటం అదే మొదలు. పక్కన భీమవరం అన్న కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నాడు. "నమస్కారం" అన్నారు ఆంటీ. మైక్ టెస్టులో ఆవిడ ఎప్పుడూ నమస్కారం చెప్పరు. నాకు అక్కడే అనుమానం రావాల్సింది, కానీ ఒళ్ళంతా బిగుసుకుపోయి ఉన్న మనిషికి బుర్ర పనిచేస్తుందా? ఒక్క క్షణం ఆగారు. "రీడింగ్ నుంచి ఇప్పుడే అందిన వార్త. లీసెస్టర్‌లో చదువు ముగించిన కాకినాడ అమ్మాయికి అక్కడి ఓ కంపెనీలో ఉద్యోగం ఖాయమైంది. వీసా చింత తీరింది. మిగతా వార్తలు కొద్దిసేపట్లో." ఆ గొంతు తుఫాను గొంతే, ఒక్క అక్షరం వణకలేదు. నాకు సంతోషం కలగలేదు, నిజం చెబుతున్నాను, చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. రీడింగ్ సంగతి ఆవిడకి ఎవరు చెప్పారు?

అన్న కళ్ళు తెరిచి పైకి చూసి, "ప్రభువా, లైటు" అన్నాడు. కెమెరా పైన ఎర్ర బల్బు వెలుగుతోంది. ప్రార్థనలో మోకరిల్లినంత పని చేసి బల్ల మీదకి వంగితే ఆయన మోచెయ్యి లైవ్ బటన్ మీద పడింది. అంటే ఆ మాటలు మైక్ టెస్టు కాదు. వెంబ్లీలో, లీసెస్టర్‌లో, తెలుగువాళ్ళున్న ప్రతి ఊళ్ళో, అన్నిటికంటే ముఖ్యంగా కాకినాడలో మా ఇంట్లో అందరూ విన్నారు. బులెటిన్ ముగించి బయటికొచ్చేసరికి బిస్కట్ల డబ్బా గడగడలాడుతోంది. తీస్తే మా అమ్మ. "ఏమే, ఇంట్లో ఒక ముక్క చెప్పకుండా టీవీలో చెప్పిస్తావా? మీ నాన్న అప్పుడే కాజాలు తేవడానికి వెళ్ళారు." నేను "అమ్మా, అది మైక్ టెస్టు, ఇంకా ఏమీ తేలలేదు" అంటే, వెనకాలనుంచి అమ్మమ్మ గొంతు, "దానికేం తెలుసు, ఆవిడ చెప్పింది చాలు" అని. కాజాలు వీధంతా పంచేశారు. ఓనర్ అంకుల్ నడుం నొప్పి మరిచిపోయి ఫోన్ చేసి, "నాకోసం అడిగితే ప్రకటన అన్నది, నీకు మాత్రం వార్త అయిందా బిడ్డా" అని బాధపడ్డారు.

తర్వాతి వారం మొదట్లో ఈమెయిల్ వచ్చింది. మీ ఆసక్తికి ధన్యవాదాలు, మరొకరిని ఎంచుకున్నాం, మీ భవిష్యత్తుకి శుభాకాంక్షలు. బస్సులో కూర్చుని చదివి, దిగాల్సిన స్టాపు దాటిపోయి, చివరి స్టాపులో డ్రైవర్ లేపేదాకా అలాగే ఉండిపోయాను. చాలా ఏడ్చాను. అమ్మకి చెబితే ఆవిడా ఏడ్చింది. అమ్మమ్మ ఒక్కతే ఏడవలేదు. "టీవీలో ఆవిడ చెప్పింది. ఈ ఉత్తరం రాసినోడు ఎవడు?" అంది. ఆంటీకి ఫోన్ చేసి చెప్పాను. అవతల ఆ సన్నటి గొంతు, "అయితే శుక్రవారం సవరణ చదవాలి. తప్పు వార్త చదివినవాళ్ళు సవరణ చదివి మైకు తీసి పెట్టేయాలి. మా కాలంలో పద్ధతి అదే" అంది. నేను కంగుతిన్నాను. అప్పటికింకా కాస్త ఆశ మిగిలుంటే, ఆవిడ నోటితో ఆ సవరణ చదివారంటే అదీ పోతుంది. తుఫాను వస్తుందని చెప్పిన గొంతు చెప్పాక ఇక తిరుగుంటుందా? "వద్దాంటీ, నాకోసం చదవకండి" అని ఎంత బతిమాలినా ఆవిడ వినలేదు.

అలా ఆ శుక్రవారం నా చేతులతో నేనే టైపు చేశాను. 'గత వారం మేము ప్రసారం చేసిన ఓ వార్తకు సవరణ. కాకినాడ అమ్మాయికి రీడింగ్‌లో ఉద్యోగం రాలేదు.' మైక్ టెస్టు పెట్టలేదు, ఎవరికీ ధైర్యం లేదు. అన్న ఈసారి కళ్ళు రెండూ తెరుచుకుని, మోచేతులు ఒళ్ళో పెట్టుకుని లైవ్ నొక్కాడు. బల్బు వెలిగింది. నేను అక్షరాలు కదిపాను. "నమస్కారం. గత వారం మేము ప్రసారం చేసిన ఓ వార్తకు" అన్నారు ఆంటీ. ఆగిపోయారు. అద్దంలో సవరణ అనే మాట ఆవిడ ఎదురుగానే ఉంది, చదవడం లేదు. నేను వెనక్కి తిప్పాను, ముందుకి తిప్పాను. ఆవిడ కళ్ళు అక్షరాల మీద లేవు, తలుపు వైపు ఉన్నాయి. గుడ్ల అట్టల గోడలు, మూసిన తలుపు, చిన్న చిన్న శబ్దాలేవీ లోపలికి రాని గది. ఆవిడ ఏదో వింటున్నారు. తర్వాత నన్ను చూసి కనుబొమ్మ ఒకటి కొంచెం ఎత్తారు, తలుపు వైపు. ఎందుకు లేచానో తెలియదు, లేచాను, తలుపు తీశాను. బిస్కట్ల డబ్బాలో నా ఫోను మోగుతోంది.

రీడింగ్ నుంచి. వాళ్ళు ఎంచుకున్న మనిషి వేరే కంపెనీకి వెళ్ళిపోయాడట. మీకింకా ఆసక్తి ఉందా అని అడుగుతోంది ఒకావిడ, ఎంతో మర్యాదగా, వాతావరణం గురించి అడిగినట్టు. ఉందని చెప్పాను, ఉందని మళ్ళీ చెప్పాను, ఎక్కడ వినపడలేదో అని మూడోసారీ చెప్పాను. లోపలికి వచ్చేసరికి ఆంటీ అదే భంగిమలో ఉన్నారు. లైవ్ నడుస్తూనే ఉంది. అంతసేపూ ఆవిడ ఒక్క మాట మాట్లాడకుండా, రెప్ప వేయకుండా కెమెరాలోకి చూస్తూ కూర్చున్నారు. (ఓనర్ అంకుల్ ఇంట్లో నెట్ ఆగిపోయిందని రూటర్ తీసి తిరిగి పెట్టారట, పెట్టినా ఆవిడ అలాగే చూస్తున్నారట. దాంతో టీవీకి వీపు తిప్పి కూర్చున్నారట. కాకినాడలో అమ్మమ్మ మాత్రం, "ఆవిడ చూస్తోంది, ఎవరూ మాట్లాడకండి" అని ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టిందట.) నేను తల ఊపాను. ఎంతగా ఊపానో, మెడ మర్నాటిదాకా నొప్పి. ఆంటీ ఊపిరి తీసుకుని, "సవరణ లేదు. వార్తలు సమాప్తం" అన్నారు. మైకు తీసి బల్ల మీద పెట్టి, కళ్ళు రెండుసార్లు ఆర్పి, "నేనేమన్నానమ్మా?" అని అడిగారు. ఆవిడని పట్టుకుని మళ్ళీ ఏడ్చేశాను. అన్న స్తోత్రం, స్తోత్రం అంటూ లైవ్ ఆపడం మరిచిపోయాడు. మా ఏడుపు కూడా ప్రసారమైంది.

సవరణ తప్పినా ఆంటీ మాత్రం ఆ తర్వాత మైకు ముట్టుకోలేదు. చాలా రోజులకి వెంబ్లీ కూరగాయల షాపులో బెండకాయల దగ్గర కనిపించారు. "ఆంటీ, మీకు ముందే తెలుసు కదా? నిర్ధారణ కాకుండా చదవరు కదా?" అన్నాను. ఆవిడ ఒక బెండకాయ తొడిమ విరిచి చూసి, "ఏం తెలుసమ్మా, నా మొహం. రీడింగ్ మాట మీ అన్న ప్రార్థనలో గొణుగుతుంటే విన్నాను. ఎర్ర బల్బు వెలిగిందా, ఏదో ఒకటి చదవాలి. అద్దంలో అక్షరం లేదు. ఎదురుగా నీ మొహం ఒక్కటే కనిపించింది. అందులో ఏది కావాలని రాసుందో అదే చదివాను. తప్పే, నిర్ధారణ చేసుకోలేదు. అందుకే మానేశాను" అన్నారు. ఎంత తేలిగ్గా అనేశారో. మరి తలుపు మూసిన గదిలోంచి డబ్బాలో ఫోను ఎలా వినపడిందని అడుగుదామనుకున్నాను. ఈలోగా ఆవిడ సన్నటి గొంతుతో షాపు అతన్ని తూకం అడగడం మొదలుపెట్టారు, అతను రెండోసారి అడిగించుకున్నాడు. ఇక ఆ ప్రశ్న అడగలేకపోయాను.

ఇప్పుడు నేను రీడింగ్‌లోనే ఉన్నాను, చిన్న టీముకి పెద్దని. వీడియో మీటింగులు మొదలయ్యే ముందు ఎవరో ఒకరు, మైకు వినపడుతోందా, ఏదైనా మాట్లాడండి అంటారు. అందరూ హలో అంటారు. నాకు మాత్రం ఎందుకో హలో అంటే తృప్తిగా ఉండదు. మా టీములో కొత్తగా చేరిన నెల్లూరు పిల్ల ఉంది, వీసా ఎక్స్‌టెన్షన్ కోసం ఎదురుచూస్తూ, మీటింగులో మొహాన తెర వెలుతురు తప్ప ఇంకే వెలుగూ లేకుండా కూర్చుంటుంది. మొన్న మీటింగు ముందు ఆ మొహం చూస్తుంటే నాకు తెలియకుండానే మెడ నిటారయింది. "నెల్లూరు నుంచి వచ్చిన అమ్మాయికి వీసా మంజూరైంది" అన్నాను తెలుగులో, నాకే వింతగా వినపడిన గొంతుతో. తెల్లవాళ్ళంతా లెవెల్ బాగుందన్నారు. ఆ పిల్ల ఉలిక్కిపడి, మీటింగయ్యాక తన డెస్కు నుంచి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "నిజమా ఆంటీ? మీకెవురు చెప్పినారు?" అంది.

ఆంటీ అంది నన్ను. జుట్టులో ఒక్క తెల్ల వెంట్రుక లేని నన్ను. ఎవరూ చెప్పలేదు, నిర్ధారణ కాలేదు అని చెప్పాల్సింది. ఆ మొహం చూసి, "నేనేమన్నానమ్మా?" అన్నాను.